చప్పుడుకి తడిసే పిల్ల

ఫిల్మ్ నగర్ కొండ దిగువ సందులో ఉన్న శారదాదేవి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి రోజూ ఒకే తీరుగా మొదలయ్యేది. ఎనిమిదీ నలభైకి ఫిలోమినా టీచరు యూసుఫ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగేది. గొడుగు కిటికీ చువ్వకి తగిలించి, బోర్డు తుడిచి, తారీఖు రాసి హాజరు పిలిచేది. ఆమె హాజరు పిలిస్తే సందు చివర ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా ఆ రోజు బడికి ఎవరు రాలేదో తెలిసిపోయేది. ఇరవై రెండేళ్ళుగా గదినిండా పిల్లల మీద నెగ్గుకొచ్చిన గొంతు అది. హాజరు చివరి పేరు దాకా వచ్చేసరికి రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చున్న పద్మప్రియ భుజాలు తడిసి ఉండేవి. ఆయా కౌసల్య బకెట్టూ తుడిచే గుడ్డా తెచ్చి గుమ్మంలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది.

పద్మప్రియ చప్పుడుకి తడుస్తుంది. జూన్‌లో బడిలో చేర్చడానికి వచ్చిన రోజే వాళ్ళమ్మ బాలమణి ఆ సంగతి చెప్పింది.

"మా పిల్ల చప్పుడుకు తడుస్తది మేడం. ఇంక వేరే ఏం లేదు, మంచిగ చదువుతది. సంచిల రెండు జతలు పెట్టి పంపుత."

ఫిలోమినా దరఖాస్తులో 'ఇతర వివరాలు' అన్నచోట ఆ మాటే రాసుకుంది. "జలుబు చేస్తుందామ్మా?" అని మాత్రం అడిగింది.

"చెయ్యది. జరసేపు ఎండల నిలవడితే ఆరిపోతది."

బాలమణి సినిమాలకి దుస్తులు చూసుకునే విభాగంలో పని చేస్తుంది. వాన సీను ఉన్న రోజు హీరోయిన్‌కి ఒకే రకం చీరలు నాలుగు సిద్ధంగా పెట్టాలి. ఒక్కో టేకుకి ఒకటి తడుస్తుంది. ఇంట్లోనూ అదే పద్ధతి. పద్మప్రియకి నాలుగు జతల యూనిఫాం కుట్టించింది. అంతకుముందు వాళ్ళు రహమత్ నగర్‌లో ఉండేవారు. కిందనే వెల్డింగ్ షాపు. పిల్ల పొడిగా ఉన్న రోజే లేదు, గోడలకి చెమ్మ ఎక్కుతోందని ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. అక్కడి బళ్ళో ఏడాదంతా పిల్లని వరండాలో చాప వేసి కూర్చోబెట్టారు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం బాలమణి ఫిలోమినా మొహంలోకి చూడలేదు.

తరగతిలో పిల్లలకి ఇదేమీ వింత కాలేదు. ఒకడికి కళ్ళజోడు, ఒకడికి పళ్ళకి తీగ, ఈ పిల్లకి తడి. రెండో పీరియడ్ అయ్యాక వెళ్ళి గౌను మార్చుకొచ్చేది, తడి గౌను కిటికీ చువ్వకి గొడుగు పక్కన వేలాడేది. ఆ పిల్ల ఎందుకు తడుస్తుంది, ఎలా తడుస్తుంది అని ఎవరూ అడగలేదు. ఫిలోమినా కూడా అడగలేదు.

ఆగస్టులో ఒకరోజు జూబ్లీహిల్స్‌లో టీచర్లకి శిక్షణ ఉందని పంపితే వెళ్ళింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. ఒక చిన్న వయసు అమ్మాయి తెర మీద మెదడు బొమ్మలు చూపిస్తూ న్యూరోడైవర్సిటీ అనే మాట చాలాసార్లు అంది. ఫిలోమినా ఆ మాట తెలుగులో రాసుకుని, కింద తనకి అర్థమైనట్టు 'మెదడు తీరులు' అని రాసుకుంది. కొందరికి అక్షరాలు కుదురుగా కనబడవు, కొందరు కుదురుగా కూర్చోలేరు, కొందరికి వెలుతురూ చప్పుడూ మనకన్నా ఎక్కువ తగులుతాయి, వాళ్ళు మొండివాళ్ళూ కాదు, మందమతులూ కాదు, వాళ్ళ తీరు అది అని ఆ అమ్మాయి చెప్పింది. ఫిలోమినాకి పద్మప్రియ గౌను గుర్తొచ్చింది. రోజూ కళ్ళెదుట ఆరేస్తున్న గౌను గురించి ఈ రెండు నెలల్లో తను ఒక్క ప్రశ్న వెయ్యలేదని కూడా గుర్తొచ్చింది.

మర్నాడు పిల్లలకి చెప్పింది. "అందరి చెప్పులూ ఒకే సైజు ఉంటాయా? ఉండవు కదా. అలాగే అందరి మెదళ్ళూ ఒకే తీరుగా పని చెయ్యవు."

పిల్లలు తలలూపారు. పాఠం అయిపోయిందనుకున్నారు. సృజన్ మాత్రం లేచి నిలబడ్డాడు. వాడు ఎలాగూ కూర్చోడు.

"మరి నాది ఏం తీరు టీచర్?"

ఫిలోమినా సుద్దముక్క చేతిలో తిప్పుతూ వాడి వంక చూసింది. "నాకు తెలీదురా," అంది. ఇరవై రెండేళ్ళలో ఆ మాట తరగతిలో అనడం అదే మొదటిసారి కావచ్చు. "చూద్దాం."

చూసేలోపే ఆ మధ్యాహ్నం ఒకటి జరిగింది. భోజనాల గంట కొట్టగానే పిల్లలందరూ ఒక్కసారి బెంచీలు జరిపారు. ఇనప కాళ్ళు బండల మీద కీచుమన్నాయి. పద్మప్రియ తల మీంచి నీళ్ళు బొటబొటా కారి నేల మీద మడుగు కట్టాయి. మొదటి బెంచీలోంచి జెరూష పరిగెత్తుకుంటూ వచ్చి ఆ నీళ్ళలో జారిపడింది. గడ్డం చీలి, రెండు కుట్లు పడ్డాయి.

జెరూష గురించి చెప్పాలి. తరగతిలో ఫిలోమినా తర్వాత అంత గొంతు ఉన్నది ఆ పిల్లకే. నీళ్ళు తాగి వస్తానన్నా పొరుగు సందులోకి వినపడేది. ఎప్పుడూ మొదటి బెంచీ, ఎప్పుడూ టీచరు మొహంలోకే రెప్ప వెయ్యకుండా చూపు. ఒక్కోసారి పిలిస్తే పలకదు. మొండిదని అందరూ అనేవారు. ఆడపిల్లకి ఆ కేకలేంటని కౌసల్య విసుక్కునేది. వాళ్ళమ్మ షాలిని డబ్బింగ్ కళాకారిణి. హీరోయిన్లు గుసగుసగా మాట్లాడే చోట, ఏడుపు ఆపుకుంటూ మాట్లాడే చోట ఆమెనే పిలుస్తారు. ఊపిరి కూడా మాటలా పలుకుతుందని స్టూడియోల్లో ఆమెకి పేరు.

షాలిని ఆ సాయంత్రమే వచ్చింది. కరెస్పాండెంట్ పట్టాభిరామయ్య గదిలో కూర్చుని నెమ్మదిగానే మాట్లాడింది.

"ఆ పాప మీద నాకు కోపం లేదండీ. కానీ అలాంటి పిల్లల్ని చూసుకునే బళ్ళు వేరే ఉంటాయి కదా. మామూలు పిల్లల మధ్య పెడితే ఇద్దరికీ కష్టమే. ఇవాళ గడ్డం, రేపు తల."

ఆమె రాసిచ్చిన కాగితం మీద, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఇంకో పదకొండు మంది తల్లిదండ్రులు కూడా అప్పటికప్పుడు సంతకాలు పెట్టారు. పట్టాభిరామయ్య చెడ్డవాడేమీ కాదు. చనిపోయిన భార్య పేరు మీద నడుపుతున్న బడికి మాట రాకూడదన్నదే ఆయన భయం. ఫిలోమినాని పిలిచి కాగితం ముందు పెట్టాడు.

"వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉందమ్మా. ఆ రోజు బాలమణికి చెప్పేద్దాం. వరండాలో బల్ల వేయిస్తాను. లేదంటే వేరే బడి చూసుకోవాలి."

"వరండా వద్దు సార్. ఒకసారి అయింది ఆ పిల్లకి."

"మరేం చేద్దామంటావు? నేల తడవకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు."

"శనివారం దాకా టైమివ్వండి," అంది ఫిలోమినా. ఏం చెయ్యాలో ఆమెకీ తెలీదు.

మర్నాడు ప్రార్థనకి ముందు పద్మప్రియ పక్కన బెంచీ మీద కూర్చుంది. అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నదిగా తోచింది. "తడిసినప్పుడు ఎలా ఉంటుందమ్మా?"

 ఇంతవరకూ పద్మప్రియని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"అన్నిటికీ ఒకే తీర్గ ఉండది టీచర్," అంది. "బెంచీ గుంజితే మోరీ నీళ్ళ లెక్క ఉంటది, నల్లగ. మా డాడీ జనరేటర్ వ్యాన్ తోలుతడు కదా, దాని చప్పుడైతే మంచు లెక్క, మెల్లగ మీద పడ్తది, మంచిగుంటది. సుద్దముక్క కీస్‌మంటే సూదులు."

"నేను మాట్లాడితే?"

పిల్ల తన కాళ్ళ వంక చూసుకుంది. "మీరు మంచిగనే చెప్తరు టీచర్."

"నిజం చెప్పు."

"ట్యాంకర్ పైపు ఇప్పినట్టు ఉంటది."

ఫిలోమినాకి నవ్వొచ్చింది, వెనకే ఇంకేదో వచ్చింది. ఆ రోజు హాజరు ఆమె పిలవలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్ళి, మొహం చూసి పేరు రాసుకుంది. పిల్లలకి అది గొప్ప విడ్డూరంగా అనిపించింది. టీచరు గొంతు పోయిందని సృజన్ పక్కవాడికి చెప్పాడు.

"గొంతు పోలేదురా," అంది ఆమె మామూలు మాటల గొంతుతో. "నిన్న నువ్వొకటి అడిగావు కదా, ఎవరిది ఏం తీరు అని. ఇవాళ చూద్దాం. ముందు పద్మప్రియ ఒప్పుకోవాలి."

పద్మప్రియ ఒక షరతు పెట్టింది. ఏ చప్పుడైనా చేసేముందు తనని అడగాలి. తను చెయ్యెత్తితే ఆపెయ్యాలి. మరో మాట లేదు.

అలా మొదలైంది. ఒక్కొక్కరూ వచ్చి అడిగి, ఒక చప్పుడు చేసేవారు. పెన్ను క్లిక్‌మనిపిస్తే చెవి వెనక నాలుగు చుక్కలు. చప్పట్లు కొడితే ఒళ్ళంతా తుంపర. కాగితం చింపితే మోచేతి దగ్గర సన్నటి చార. ఒకడు విజిల్ వెయ్యొచ్చా అని అడిగితే పద్మప్రియ వద్దంది, వాడు బుద్ధిగా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఒకమ్మాయి ఏమీ చెయ్యకుండా నిలబడి, "నేను మనసులో పాడుకుంటున్నా, తడిశావా?" అంది. పద్మప్రియ మోకాలు తడుముకుని చూసి, లేదంది. ఆ పిల్లకి కొంచెం దిగులేసింది.

ఇదంతా ఫిలోమినా ఒక పాత రిజిస్టరులో రాయించింది. అయితే పిల్లలు పద్మప్రియ దగ్గరే ఆగలేదు. సృజన్ తన కాళ్ళ సంగతి రాసుకోమన్నాడు. కూర్చుంటే తొడల్లో చీమలు పాకుతాయట, నిలబడితే లెక్కలు వస్తాయట. "రాస్కో టీచర్, నిలవడితేనే వస్తయ్." వాడికి గోడ పక్కన నిలబడి రాసుకునేలా ఎత్తు బల్ల ఒకటి జరిపారు. వెనక బెంచీలో ఒక పిల్ల, ఎప్పుడూ చదవనని మొండికేసేది, ఎవరూ వినకుండా టీచరు దగ్గరకొచ్చి, 'మ', 'య' రెండూ తనతో దొంగాట ఆడతాయని చెప్పింది. నల్లరంగు పలక మీద పెద్దగా రాస్తే ఆడవట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, అందరికీ అలాగే ఉంటుందేమో, వాళ్ళు ఎలాగో పట్టుకుంటున్నారేమో అనుకుందట. ఫిలోమినా ఆ మాట దగ్గర పెన్ను ఆపింది. చిన్నప్పుడు తెనాలి కాన్వెంటులో తన పక్కన కూర్చునే ఒక పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల అయిదో తరగతిలో బడి మానేసింది. ఎందుకో ఎవరూ అడగలేదు.

బాలమణికి సంగతి తెలిసి, సెట్లో కత్తిరించగా మిగిలిన మందపాటి గుడ్డముక్కలు రెండు సంచులు పంపింది. పిల్లలు మధ్యాహ్నాలు కూర్చుని బెంచీ కాళ్ళన్నిటికీ గుడ్డ చుట్టి దారంతో కట్టారు. కొన్ని కాళ్ళకి జరీ, కొన్నిటికి పోలీసు ఖాకీ, ఒకదానికి దేవకన్య నీలం. గంట బదులు కౌసల్య వచ్చి గుమ్మంలో నిలబడి చెయ్యూపేది. ఆమెకి ఆ పని నచ్చింది; రోజూ కొంచెం ముందే వచ్చి నిలబడేది. గురువారం నాటికి పద్మప్రియ మధ్యాహ్నం దాకా ఒక గౌనుతోనే ఉంది.

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పద్మప్రియే ఒక ఆట చెప్పింది. తను టీచరు బల్ల మీద అరచెయ్యి చాపి పెడుతుంది. ఒక్కొక్కరూ వచ్చి తమ పేరు తాము చెప్పాలి. అరచేతిలో ఒక్క చుక్క కన్నా ఎక్కువ పడకూడదు. ఒక్క చుక్క కూడా పడకపోతే పేరు చెప్పనట్టే లెక్క.

వరసగా వచ్చారు. సృజన్ మొదటిసారి గుక్కెడు నీళ్ళు చేశాడు, రెండోసారి ఒక్క చుక్క. అందరూ ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి గెలిచారు. జెరూష వంతు వచ్చింది. గడ్డం మీద కట్టుతో వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, జాగ్రత్తగా పేరు చెప్పింది. గది గదంతా వినపడింది. అరచెయ్యి నిండి బల్ల మీదికి పొంగింది. పిల్లలు నవ్వారు.

"ఇంకోసారి," అంది జెరూష.

ఈసారి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలీ కదలకుండా, మెడనరాలు బిగబట్టుకుని, తన లెక్కకి ఎంత చిన్నగా చెప్పగలదో అంత చిన్నగా చెప్పింది. మళ్ళీ పొంగింది. మూడోసారీ అంతే. నవ్వు ఎక్కువైంది. జెరూష కళ్ళు తెరిచి బల్ల మీద నీళ్ళు చూసింది. "నేను చిన్నగానే చెప్పాను," అంది. ఆ మాటకి బల్ల మీంచి నీళ్ళు నేలకి జారాయి.

పద్మప్రియ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. జెరూష మొహాన్ని పరీక్షగా చూస్తోంది. నవ్వేవాళ్ళని రెండో చెయ్యెత్తి ఆపింది.

"అబద్ధం చెప్తలేదు టీచర్," అంది. "ఆమె నిజంగనే చిన్నగ చెప్తుంది. ఆమె గొంతు ఆమెకు అందుతలేదు."

 ఫిలోమినా పిల్లలందరినీ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని బోర్డు మీది లెక్క ఎక్కించుకోమంది. తను నడుచుకుంటూ గది వెనక్కి వెళ్ళి, జెరూష వీపు వైపు చూస్తూ నిలబడి, మామూలు గొంతుతో అంది. "జెరూషా, నీ సంచి తీసుకుని ఇంటికెళ్ళమ్మా."

తరగతి అంతా వెనక్కి తిరిగింది. జెరూష లెక్క ఎక్కించుకుంటూనే ఉంది. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే అప్పుడు తిరిగి, టీచరు మొహంలోకి చూసి, "ఏంటి టీచర్?" అంది పొరుగు సందుకి వినపడేలా.

మొదటి బెంచీ ఎందుకో, రెప్ప వెయ్యని ఆ చూపు ఎందుకో ఫిలోమినాకి అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ పాఠం విన్నది తక్కువ. టీచరు పెదాల మీంచి చదువుకుంది.

శనివారం పదింటికి తల్లిదండ్రులు వచ్చారు. పట్టాభిరామయ్య మూడో తరగతి వాళ్ళని ఆఖరున పిలిచాడు. ఒక పక్క బాలమణీ పద్మప్రియా, ఇంకో పక్క షాలినీ జెరూషా. బాలమణి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇలాంటి గదిలో ఇంతకుముందు ఒకసారి కూర్చుంది ఆమె.

"సార్, ముందు మీరు గది చూడండి," అని ఫిలోమినా ఆయన్ని తీసుకెళ్ళింది. గుడ్డలు చుట్టిన బెంచీ కాళ్ళూ, సృజన్ నిలబడే బల్లా, రిజిస్టరూ చూపించింది. "నిన్న కౌసల్య ఒకే ఒక్కసారి నేల తుడిచింది, అదీ ఆటప్పుడు. ఆ పిల్ల తడవకూడదంటే మార్చాల్సింది గదిని సార్."

ఆయన వంగి ఒక బెంచీ జరిపి చూశాడు. చప్పుడు కాలేదు. మళ్ళీ జరిపి చూశాడు.

తిరిగి వచ్చాక ఫిలోమినా షాలిని వైపు తిరిగింది. ఈ మాట ఎలా చెప్పాలా అని రాత్రి భర్త శౌరిని అడిగితే, ఎలా చెప్పినా కష్టమే, నెమ్మదిగా చెప్పమన్నాడు. నెమ్మదిగానే చెప్పింది. జెరూష చెవులు ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిదంది.

షాలిని మొహం బిగుసుకుంది. "మా అమ్మాయికి ఏమీ లేదండీ. దానికి అల్లరి ఎక్కువ, అంతే. ఇంట్లో పిలిస్తే పలకదు, మొండితనం. నేను చప్పుళ్ళ మధ్య బతికేదాన్ని, నాకు తెలియదా?" కొంచెం ఆగి, "వేరే పిల్ల గురించి మాట్లాడదామని పిలిచి మా పిల్లకి వంక పెడుతున్నారేంటి?" అంది.

"వంక కాదమ్మా," అంది ఫిలోమినా. "మీరే ఒకసారి పిలిచి చూడండి. తనకి కనపడకుండా. స్టూడియోలో మాట్లాడతారు కదా, అలా."

జెరూష కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద జూనియర్ ఆర్టిస్టుల బస్సు ఎక్కుతున్నవాళ్ళని చూస్తోంది. షాలిని లేచింది. నిరూపించడానికే లేచింది. కూతురి వెనక్కి వెళ్ళి, బారెడు దూరంలో నిలబడి, ఊపిరంత మెత్తగా పిలిచింది.

"జెరూషా... నా బంగారు తల్లీ..."

ఆ గదిలో ఆ పిలుపు విననివాళ్ళు లేరు. గుమ్మంలో ఉన్న కౌసల్య విన్నది. పట్టాభిరామయ్య విన్నాడు. జెరూష కిటికీ చువ్వ మీద వేలితో గీతలు గీస్తూ బస్సు వైపే చూస్తోంది.

షాలిని మళ్ళీ పిలిచింది.   అప్పుడు ఆమె చూపు పద్మప్రియ మీద పడింది. ఆ పిల్ల ఒళ్ళో పెట్టుకున్న చేతి మీద రెండు చుక్కలు మెరుస్తున్నాయి. పిలుపుకి ఒకటి చొప్పున.

షాలిని వచ్చి పద్మప్రియ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది. "నా గొంతు, ఎలా ఉంది?"

పద్మప్రియ వేలితో ఒక చుక్కని తాకి చూసింది. "గోరువెచ్చగ ఉంది ఆంటీ. అమ్మ తానం పోసినప్పుడు లాస్ట్ చెంబు ఉంటది చూడు, గట్ల."

షాలిని తల వంచుకుంది. ఎనిమిదేళ్ళుగా రోజూ రాత్రి కూతుర్ని జోకొడుతూ ఆ గొంతుతోనే కథలు చెప్పింది ఆమె. దీపం తీసేసి మరీ చెప్పింది. పిల్ల నిద్రపోయేది కాదు, దీపం వెయ్యమని కేకలు పెట్టేది. ఆ కేకలకి షాలిని తిట్టేది.

బాలమణి లేచొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఫికర్ చెయ్యకు అక్కా. తెలువనప్పుడే కష్టం. తెలిసినంక ఏదో ఒక తొవ్వ దొరుకుతది."

ఏడవను ఏడవను అనుకుంటూనే షాలిని ఏడ్చింది, స్టూడియోలో ఏడ్చేలా కాకుండా, ముక్కు చీదుకుంటూ. పద్మప్రియ మెడ కొద్దిగా తడిసింది, ఆ పిల్ల చెయ్యెత్తలేదు. జెరూష అప్పుడు వెనక్కి తిరిగి, వాళ్ళమ్మ కింద కూర్చుని ఉండడం చూసి, "ఏమైందమ్మా?" అని గట్టిగా అడిగింది.

పట్టాభిరామయ్య బల్ల మీది కాగితాన్ని సొరుగులో పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వరండా సంగతి నేను ఎత్తలేదనుకోండి," అన్నాడు బాలమణితో. తర్వాత ఫిలోమినాని పిలిచి, ఆ గుడ్డలు మిగతా తరగతుల బెంచీలకి కూడా సరిపోతాయా అని అడిగాడు.

తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. పెద్ద డాక్టరు రెండుసార్లు పరీక్ష చేశాడు. రెండు చెవులూ పుట్టినప్పటి నుంచే మెత్తటి చప్పుళ్ళని పట్టుకోవడం లేదని, పిల్ల మొహాలు చూసి తెలివిగా నెట్టుకొచ్చిందని చెప్పాడు. చెవులకి పెట్టే మిషన్ల కోసం కొలతలు తీసుకున్నారు. షాలిని సంతకాలు పెట్టినవాళ్ళందరికీ తనే ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఇంకా గొణుగుతూనే ఉన్నారు, వాళ్ళ పిల్లలు మాత్రం గుడ్డలు ఊడినప్పుడల్లా మళ్ళీ కట్టారు. ఫిలోమినా గొంతు ఒక్కోసారి పాత అలవాటున లేచేది. పద్మప్రియ చెయ్యెత్తేది, ఆమె దించేది.

దసరా సెలవుల తర్వాత జెరూష రెండు చెవులకీ చిన్న మిషన్లు పెట్టుకుని వచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు, పద్మప్రియ ముందే చెప్పి ఉంచింది కనక చప్పుడు చెయ్యకుండా మూగారు. మొదటి పీరియడ్‌లో ఎవరి స్టీలు డబ్బానో కింద పడింది. జెరూష అదిరిపడి, గభాలున తన గౌను ముందుభాగం తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది. ఎందుకో మళ్ళీ ఒకసారి చూసుకుంది.

ఆ రోజు ఆమె మొదటి బెంచీలో కూర్చోలేదు. సంచి తీసుకుని వచ్చి పద్మప్రియ పక్కన కూర్చుంది. కూడికలు చేస్తూ చేస్తూ ఆగి, చెయ్యెత్తింది. ఇంతవరకూ ఆ గదిలో ఎవరూ ఎరగని సన్నటి గొంతుతో చెప్పింది.

"టీచర్, బయట ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నారు."

ఫిలోమినా చెవి పెట్టి విన్నది. ఆమెకేమీ వినపడలేదు. సృజన్ తను నిలబడే బల్ల దగ్గర నుంచి కిటికీలోంచి తొంగి చూశాడు, ఎవరూ లేరన్నాడు. పద్మప్రియ తల కూడా ఎత్తకుండా, తన మణికట్టు మీద మెరుస్తున్న సన్నటి తడిని చూసుకుంది.

"పావురం," అంది. "సన్‌షేడ్ మీద కూసుంటది. రోజు ఉంటది."

"రోజూనా?"

"ఆ, రోజు. ఇంక శానా ఉన్నయ్." పద్మప్రియ లెక్క పూర్తి చేసి, పెన్సిల్ కింద పెట్టి, జెరూష వైపు జరిగింది. "ఒక్కటొక్కటి చెప్త. అన్నీ ఒక్కసారే వినకు."